స్టోరు ప్యాకెట్టా, బ్రాండు ప్యాకెట్టా?

శ్రోతలకు నమస్కారం.

నెల మొదట్లో సరుకుల చీటీ పట్టుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్తే కందిపప్పు దగ్గర రెండు రకాల ప్యాకెట్లు కనిపిస్తాయి. ఒకటి టీవీ ప్రకటనల్లో చూసిన పేరు. రెండోది ఆ స్టోరువాళ్ల సొంత పేరు: డీమార్ట్‌లో ప్రీమియా, రిలయన్స్‌లో గుడ్ లైఫ్, బిగ్‌బాస్కెట్‌లో బీబీ రాయల్ లాంటివి. స్టోరు పేరుతో ఉన్నది సాధారణంగా చవక. తీసుకోవచ్చా అంటే, సరుకును బట్టి చెప్పాలి. గింజ గింజగా కంటికి కనిపించేదైతే స్టోరు ప్యాకెట్ ధైర్యంగా తీసుకోండి. పొడి కొట్టినదో, నాలుగు రకాలు కలిపినదో అయితే కాస్త ఆగి చూడండి.

పంచదార, ఉప్పు గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. పంచదారలో ఎస్, ఎం అనేవి పలుకు సైజును చెప్పే గుర్తులు. తీపి రెండింటిలోనూ ఒకటే. అయోడిన్ ఉప్పులో మన చేతికి వచ్చేసరికి పది లక్షల వంతుల్లో కనీసం 15 వంతుల అయోడిన్ ఉండాలన్న నిబంధన అన్ని కంపెనీలకూ వర్తిస్తుంది. ఈ రెండింటిలో చవకైనది తీసుకుంటే నష్టం లేదు.

కందిపప్పుకి మాత్రం కాస్త ఓపిక కావాలి. మెరుపు చూసి కొనకండి. నీళ్లతోనో నూనెతోనో పాలిష్ పట్టిన పప్పు నున్నగా మెరుస్తుంది, పట్టనిది కాస్త మసకగా, పిండి అంటినట్టు ఉంటుంది. ఆ మెరుపుకి రుచితో సంబంధం లేదు. రెండు ప్యాకెట్ల నుంచి 100 గ్రాముల చొప్పున తూచి పళ్లెంలో పరవండి. రాళ్లు, పొట్టు, పుచ్చు గింజలు, ముడుచుకున్న గింజలు ఏరి తూచండి. నూక తీయకండి, అదీ ఉడుకుతుంది. చెత్త 5 గ్రాములు తేలితే, కిలో 160 రూపాయలకు కొన్న పప్పు మీకు నిజానికి 168కి పడ్డట్టు. చవక అనుకున్నది చవక కాకపోవచ్చు.

తర్వాత ఉడికించి చూడాలి. ఒకే సైజు గిన్నెలు రెండు తీసుకుని, ఒక్కో దాంట్లో 100 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల నీళ్లు పోసి అరగంట నాననిచ్చి, ఒకే కుక్కర్‌లో పెట్టండి. వేర్వేరుగా వండితే మంటలో తేడా వచ్చి పోలిక చెడుతుంది. ఉప్పు, పసుపు వేయకండి. చింతపండు అసలే వద్దు, పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. దించాక పప్పుగుత్తితో ఒకే లెక్కన మెదపండి. ఒకటి వెన్నలా కలిసిపోయి, రెండోదాంట్లో పలుకులు మిగిలితే ఆ రెండోది బాగా పాతబడిన పప్పు అయ్యుండొచ్చు. ఎక్కువ కాలం నిల్వ ఉన్న కంది గట్టిపడుతుంది. అందుకే ప్యాకింగ్ తేదీ ఒక్కటీ చూస్తే చాలదు. అది సంచిలోంచి ప్యాకెట్లో పోసిన తేదీ, పంట కోసిన తేదీ కాదు.

బియ్యం దగ్గర లెక్క తప్పేది సంచి బరువులో. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. దాంతో 26 కిలోల సంచులు మార్కెట్లోకి వచ్చాయి. రెండు సంచుల రేట్లు పక్కపక్కన పెట్టి చూడకుండా, కిలోకి ఎంతో భాగించి చూడండి. సంచి మీద సోనా మసూరి అని ఉంటే సరిపోదు, పాతవా కొత్తవా అని అడగండి. కొత్త బియ్యం తక్కువ నీళ్లకే ముద్దవుతాయి, పాతవి గ్లాసుకి అరగ్లాసు దాకా నీళ్లు ఎక్కువ తాగి పొడిపొడిగా వస్తాయి.

నూనెలోనూ ఇదే పొరపాటు. లీటరు పొద్దుతిరుగుడు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. 850 గ్రాముల ప్యాకెట్ చూడ్డానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉంటుంది. అది 140 రూపాయలైతే లీటరుకి దాదాపు 150 పడుతుంది. ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా అచ్చు వేస్తున్నారు. ఎమ్మార్పీ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. అయితే అది ఎమ్మార్పీ మీద కట్టిన లెక్క. స్టోరు తగ్గించి అమ్మే రేటుకి మీరే మళ్లీ లెక్క వేసుకోవాలి.

కారం సంగతికొస్తే, ఎర్రగా ఉన్నదల్లా ఘాటుగా ఉండదు. బ్యాడిగి మిరప రంగుకి పేరు, తేజ ఘాటుకి పేరు. పొడిలో ఏది ఎంత కలిపారు, తొడిమలు తీసి కొట్టారా, తీయకుండానే కొట్టారా అన్నది కంటికి తెలియదు. మిరప పొడిలో 2 శాతం వరకు వంటనూనె కలపడానికి అనుమతి ఉంది, కాకపోతే లేబుల్ మీద చెప్పాలి. నూనె తగిలితే రంగు ముదురుగా కనిపిస్తుంది. పైగా పారదర్శకమైన కవర్లో, దీపాల వెలుగులో నెలల తరబడి ఉన్న పొడి రంగు వెలిసిపోతుంది. ధనియాల పొడి వాసనే పోగొట్టుకుంటుంది. పొడుల్లో మందమైన, వెలుతురు చొరని కవర్ ఉన్నదే తీసుకోండి, అది ఎవరి పేరుతో ఉన్నా సరే. ఇంకా మంచి దారి, స్టోరు ప్యాకెట్లో ఎండుమిరపకాయలూ ధనియాలూ కొని ఇంట్లోనో మిల్లులోనో కొట్టించుకోవడం.

బ్రాండుకి ఎక్కువ ఇచ్చినందుకు నిజంగా ఫలితం దక్కేది టీ పొడిలో అని చెప్పాలి. ఆకు రుచి కాలాన్ని బట్టి మారుతుంది. ఏడాది పొడవునా ఒకే రుచి రావాలంటే రకరకాల తోటల ఆకును రుచి చూసి కలిపే నిపుణులుండాలి. స్టోరు టీ పొడి ఒక నెల బాగుండి ఇంకో నెల పలచబడితే కారణం అక్కడ వెతకండి. పోల్చడానికి 2 గ్రాముల పొడి మీద 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి, 6 నిమిషాలు మూతపెట్టి వడకట్టండి. ముందు పాలు లేకుండా, తర్వాత సమానంగా పాలు పోసి రుచి చూడండి.

ఇక లేబుల్. ఆహార లైసెన్సు నంబరు 14 అంకెలుంటుంది. కొన్ని ప్యాకెట్ల మీద రెండుంటాయి, అమ్మేవాళ్లదీ తయారుచేసినవాళ్లదీ. తయారీదారు పక్కనున్న నంబరు చూడండి. స్టోరు ప్యాకెట్ మీదా బ్రాండు మీదా అదే నంబరుంటే రెండూ ఒకే చోట తయారైనట్టు. అలాగని సరుకు ఒకటే అనుకోకండి, ఒకే మిల్లు రెండు నాణ్యతలు ఆడగలదు. సాస్, బిస్కెట్ లాంటి వాటిలో దినుసుల జాబితా చదవండి. ఎక్కువ బరువున్నది ముందు రాయాలి. టమాటా సాస్‌లో టమాటా కంటే పంచదార ముందుంటే అర్థమైపోతుంది.

రుచిలో నిజంగా తేడా ఉందా అని తేల్చుకోవడానికి మూడు గ్లాసుల పద్ధతి ఉంది. రెండింటిలో ఒకటే, మూడోదాంట్లో వేరేది పోసి, అడుగున గుర్తు పెట్టి, ఇంట్లోవాళ్లని వేరే ఉన్నదేదో చెప్పమనండి. ఊహించి చెప్పినా మూడిట్లో ఒకసారి సరిగ్గా తగులుతుంది కాబట్టి ఒక్కసారితో ఆపకండి. గ్లాసుల వరుస మార్చి మూడుసార్లు చేయండి. మూడుసార్లూ పట్టుకుంటే తేడా ఉన్నట్టే, ఏది నచ్చిందో అప్పుడు అడగండి. పట్టుకోలేకపోతే తక్కువ రేటుదే తెచ్చుకోండి. తర్వాతి నెల అదే ప్యాకెట్ కొనేటప్పుడు తయారీదారు పేరు మారిందేమో చూసి, మారితే అర కిలో మాత్రమే తీసుకుని మళ్లీ పరీక్షించండి.