నొక్కి చెప్తే ఎందుకు వింటారు? నెల్లూరు స్టూడియోలో చర్చ

యాంకర్: నమస్కారమండీ. ఒకే మాట ఒకరు చెప్తే ఊరంతా కదుల్తుంది, ఇంకొకరు చెప్తే ఊ కొట్టి ఊరుకుంటారు. ఈరోజు దాని గురించే. కావలి నుంచి రిటైరైన తెలుగు మాస్టారు, ఒంగోలు కోర్టు లాయర్ మేడమ్, కొత్తపట్నం వైపు పనిచేసే ఏఎన్ఎం అక్క, ఇందుకూరుపేట నుంచి రొయ్యల రైతన్న వచ్చుండారు. మాస్టారూ, మీరే మొదలుపెట్టండి.

మాస్టారు: మన భాషలో నొక్కడానికి అరవక్కర్లేదమ్మా, చివర ఒక్క ఏత్వం చాలు, వ్యాకరణంలో అవధారణ అంటాం. "రేపిస్తా" అంటే ఇస్తాడో లేదో తెలీదు. "రేపే ఇస్తా" అంటే రోజు ఖాయం చేశాడు. "నేనే ఇస్తా" అన్నాడా, పూచీ తన నెత్తిన వేసుకున్నాడు. అదే "రేపిస్తాలే" అన్నాడనుకో, ఇంక ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే. ఒక్క అక్షరంలో ఉంది అంతా, ఏ మాట మీద బరువు పెట్టాలో తెలిసిందంటే చెప్పేదేందో ముందు నీకు అర్థమైనట్టు.

యాంకర్: అన్ని మాటల మీదా బరువు పెడితే?

లాయర్: తేలిపోద్ది. 1970ల్లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ఒకే సాక్ష్యాన్ని రెండు రకాలుగా రికార్డు చేసి వినిపించారు, ఒకదాంట్లో "అనుకుంటానండీ", "బహుశా" అని నసుగుతా, ఇంకోదాంట్లో సూటిగా. సూటిగా చెప్పిన సాక్షినే ఎక్కువ నమ్మారు, అది మనం ఊహించేదే. నాకు బాగా పట్టిందేంటంటే, "చాలా" "ఎంతో" అని మాటిమాటికీ తగిలించడాన్ని కూడా వాళ్లు బలహీనమైన మాటతీరు కిందే వేశారు. మన దగ్గరా అంతే, సాక్షి "నిజం సార్, ఒట్టు సార్, పిల్లల మీద ప్రమాణం సార్" అన్నాడంటే అవతలి లాయర్ అప్పుడే కళ్లజోడు సర్దుకుంటాడు.

ఏఎన్ఎం: నాకు కోర్టు సంగతులు తెలీవు మేడమ్, నాకు జరిగింది చెప్తా. ఒకింట్లో కోడలికి ఎనిమిదో నెల, తలనొప్పి అంటావుంది, కాళ్లు వాచుండాయి, బీపీ చూస్తే 160/110. అత్త పక్కనే కూర్చోని తమలపాకు తుడుచుకుంటావుంది. నేను "ఆస్పత్రికి తీసకపోతే మంచిదత్తా" అన్నా. ఆమె తలెత్తలా, "రేపు మంగళారం గదమ్మా, ఎల్లుండి చూద్దాంలే" అనింది. సంచిలో పెట్టేసిన బీపీ మిషన్ మళ్లీ బయటికి తీసి ఆమె ముందర పెట్టి, "అత్తా, ఈ రాత్రికే పోవాల. ఫిట్స్ వస్తే ఇద్దరికీ ప్రాణం మీదకొస్తది. బండిలో నేనే వస్తా" అన్నా. అరవలా, ముందుకంటే నిదానంగానే చెప్పా. అప్పుడు చూసింది నా మొహంలోకి, ఆకు చేతిలో అట్టానే ఉంది. 108 వచ్చేసరికి అందరికంటే ముందు ఆమే ఎక్కి కూర్చుంది. "మంచిది" అంటే ఆమెకి వీలుంటే చేసే పని లాగా వినపడింది, పాపం ఆమెనేం అనగలం.

మాస్టారు: చూశారా, "ఈ రాత్రికే", "నేనే", రెండే రెండు చోట్ల నొక్కింది. నాకు 1992 గుర్తొస్తావుంది. మన జిల్లా దూబగుంటలో ఆడోళ్లు చేసిన సారా వ్యతిరేక ఉద్యమం. వర్ధినేని రోశమ్మ గారి పేరు తెలీనోళ్లు లేరు జిల్లాలో. రాత్రిబడుల్లో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటుండే ఆడోళ్లు, వాళ్లకి ఉపన్యాసం ఎట్టా చెప్పాలో ఎవరు నేర్పారు? మొగుడి కూలి డబ్బు పొద్దుగూకేలోపు సారా అంగడికి పోతుంటే, ఇంట్లో పిల్లోళ్లు ఖాళీ కడుపుతో పడుకుంటుంటే, ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు దానంతటదే నొక్కాల్సిన చోట నొక్కుద్ది. జిల్లాలో సారా వేలంపాటలు సాగనీలా, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది.

లాయర్: మాట లేకుండా కూడా నొక్కొచ్చు మాస్టారూ. ప్రకాశం పంతులు గారు 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ మీద నిరసనప్పుడు తుపాకీకి రొమ్ము చూపించారు.

మాస్టారు: పొట్టి శ్రీరాములు గారు 1952లో 58 రోజులు తిండి మానేసి చెప్పారు. ప్రకాశం, నెల్లూరు రెండు జిల్లాలకీ వాళ్ల పేర్లే.

రైతు: అంతా బాగుందన్నా, నాదొక్కటే బాధ. అబద్ధం చెప్పేవోడు కూడా ఇట్టానే నొక్కి చెప్తాడు గదా? మా గుంటలో రొయ్యలకి తెల్లమచ్చ రోగం తగిలింది. ఒకాయన మందు డబ్బాలు తెచ్చి, గట్టు మీద నిలబడి, నా కళ్లల్లోకి చూస్తా "మూడే రోజులు, గ్యారంటీ నాది" అన్నాడు. ఎంత ధైర్యంగా చెప్పాడంటే నేను రొయ్యలు పట్టడం ఆపేశా. తెల్లమచ్చ వైరస్‌కి మందే లేదని తర్వాత తెలిసింది. మూడో రోజు పొద్దున చూస్తే రొయ్య అంతా గట్టుకొచ్చి చచ్చి తేలతావుంది. ముందే పట్టుంటే రొయ్య చిన్నదైనా పెట్టుబడి కొంతన్నా తిరిగొచ్చేది.

లాయర్: అన్నా, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మేం చేసేది అదే, నొక్కిన చోటే ఇంకో ప్రశ్న వేస్తాం. నీకెట్టా తెలుసు? ఎక్కడ వాడావు, ఆ గుంట చూపిస్తావా? తెలిసినోడు తెలిసింది చెప్పి, తెలీనిది "తెలీదు" అని అంతే గట్టిగా అంటాడు. తెలీనోడు గొంతు పెంచుతాడు. ఈ అక్క చేతిలో 160/110 ఉంది, ఆయన చేతిలో డబ్బా తప్ప ఏముంది?

రైతు: నిజమే మేడమ్. ఇంకోటి అడగతా. మా పక్క గుంటకి కూడా ఇప్పుడు తెల్లమచ్చ వచ్చింది. ఆయన నీళ్లు కాలవలోకి వదిలేస్తే దిగువ గుంటలన్నిటికీ పోతది. "వదలమాకన్నా" అని రెండుసార్లు చెప్పా, "చూద్దాంలే" అన్నాడు.

మాస్టారు: అదిగో, "లే" వచ్చేసింది.

ఏఎన్ఎం: "వదలమాక" అంటే ఆయనకి చేసే పనేం చెప్పలా మీరు. నీళ్లు నిలబెట్టి బ్లీచింగ్ కొట్టాలి గదా, అది చెప్పండి, బ్లీచింగ్ బస్తాలు మీరే తీసుకుపోండి.

రైతు: "అన్నా, నీళ్లు గుంటలోనే నిలబెట్టు, బ్లీచింగ్ నేనే తెస్తుండా." ఇట్టానా?

మాస్టారు: ఇట్టానే. ఇంకొక్క మాట కూడా కలపమాక.

యాంకర్: రేపు కలిసినప్పుడు చెప్పి, ఏమైందో మాకూ...

రైతు: రేపు కాదమ్మా, మోటరు ఈ రాత్రికే వేస్తాడు. బ్రేక్ ఇవ్వండి, ఇప్పుడే ఫోన్ చేస్తా.