సీబీజీబీ: సొంత పాట ఉంటేనే స్టేజీ ఎక్కు

న్యూయార్క్‌లో బవరీ వీధి, 315 నంబరు. పైన ప్యాలెస్ హోటల్. పేరుకే ప్యాలెస్, దిక్కులేనివాళ్లకి రాత్రికింతని పడక అద్దెకిచ్చే లాడ్జి. దాని కింద పొడవాటి, ఇరుకు బార్. 1973 డిసెంబరులో బార్ యజమాని హిల్లీ క్రిస్టల్ దీనికి సీబీజీబీ అని పేరు పెట్టాడు. ఆ అక్షరాలు కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అనే అమెరికన్ సంగీత రకాలవి. తర్వాత ఈ క్లబ్బుకి పేరు తెచ్చిన పంక్ (వేగంగా, మొరటుగా వాయించే రాక్) ఊసే లేదు!

అదే ఏడాది ఆగస్టులో మెర్సర్ ఆర్ట్స్ సెంటర్ ఉన్న భవనం కూలిపోయింది. కొత్త రాక్ బ్యాండ్లకు అప్పటిదాకా అదే పెద్ద ఆసరా. రికార్డు కంపెనీ ఒప్పందం లేనివాళ్లకి స్టేజీ ఇచ్చేవాళ్లు కరువయ్యారు. టెలివిజన్ బ్యాండ్ వాళ్లు వచ్చి అడిగితే హిల్లీ ఆదివారం ఇచ్చాడు. 1974 మార్చి 31న వాళ్ల తొలి షో.

అసలు కిటుకు హిల్లీ షరతుల్లో ఉంది. సొంత పాటలే పాడాలి. వేరేవాళ్ల హిట్లు పాడిస్తే రచయితల హక్కుల సంఘాలకి లైసెన్సు ఫీజు కట్టాలి. ఆ ఖర్చు తప్పించుకోవడం కూడా ఇందులో ఉంది. టికెట్ల డబ్బు బ్యాండ్‌కి, బార్ డబ్బు హిల్లీకి. అంటే జనాన్ని తెచ్చుకోవాల్సిన పూచీ బ్యాండ్‌దే. పదిమంది వస్తే పదిమంది డబ్బే. హిట్లు వాయించి పొట్టపోసుకునే బ్యాండ్లు ఈ బేరానికి ఎందుకొస్తాయి? ఇంకెక్కడా చోటు దొరకనివాళ్లే మిగిలారు.

అలా వచ్చినవాళ్లే రమోన్స్ అనే పంక్ బ్యాండ్. 1974 ఆగస్టు 16న తొలిసారి ఇక్కడ వాయించారు. ఒక్కో పాట రెండు నిమిషాలు, మధ్యలో ఏ పాట ఎత్తుకోవాలో స్టేజీ మీదే తగువు. అయినా హిల్లీ మళ్లీ పిలిచాడు. 1975 వసంతంలో గాయని ప్యాటీ స్మిత్, టెలివిజన్ కలిసి వారాల తరబడి వాయించారు. ఆ జులైలో ఒప్పందం లేని బ్యాండ్లతో హిల్లీ ఏకంగా ఉత్సవమే పెట్టాడు, పత్రికలవాళ్లు కదిలారు.

టాయిలెట్ల కంపు గురించి అందరూ చెబుతారు. సౌండ్ సిస్టమ్ మీద మాత్రం హిల్లీ పిసినారితనం చూపలేదు. మా దృష్టిలో బ్యాండ్లు తిరిగి రావడానికి అదీ ఓ కారణం.

చివరికి అద్దె బకాయిల గొడవ. ఇంటి యజమాని నిలువనీడ లేనివాళ్లకి సాయం చేసే సంస్థ కాబట్టి విలన్ ఎవరో తేల్చడం కష్టం. 2005లో కోర్టు క్లబ్ వైపే మొగ్గినా లీజు మాత్రం కొత్తగా రాయలేదు. 2006 అక్టోబరు 15న ప్యాటీ స్మిత్‌తో ఆఖరి షో. 2008లో అక్కడ ఫ్యాషన్ డిజైనర్ జాన్ వార్వటోస్ బట్టల దుకాణం తెరిచారు.