తుంటి మార్పిడి తర్వాత తొడలో నొప్పి వస్తే ఎముకను అనుమానించాలా?

[బల్ల మీద ఒక లావుపాటి స్ట్రా, ఒక పెన్సిల్. కెమెరా చేతులకు దగ్గరగా.]

ఈ స్ట్రాలోకి పెన్సిల్‌ని సగం దాకా దూరుస్తున్నాను. ఇప్పుడు రెండు చివర్లూ పట్టుకుని వంచుతాను, చూడండి. పెన్సిల్ ఉన్నంత మేర స్ట్రా కదల్లేదు. పెన్సిల్ ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే మడత పడింది.

తుంటి కీలు మార్పించుకున్న వాళ్ల తొడ ఎముకలో జరిగేది కూడా దాదాపు ఇదే.

[యానిమేషన్: తొడ ఎముకలోకి లోహపు కాడ దిగుతుంది.]

ఆపరేషన్‌లో తొడ ఎముక పైకొసన ఉండే పాడైన బంతిని కోసి తీసేస్తారు. తొడ ఎముక లోపలి గొట్టంలోకి ఒక లోహపు కాడను దింపుతారు. డాక్టర్లు దాన్ని స్టెమ్ అంటారు. దాని తలకి కొత్త బంతి, నడుం కింది కటి ఎముకలో కొత్త గిన్నె. స్టెమ్ టైటానియందైనా సరే, ఎముక గట్టి పొర కన్నా సుమారు 5, 6 రెట్లు బిరుసు. ఆ బిరుసు ముగిసే చోట, అంటే స్టెమ్ కొన దగ్గర, బరువంతా ఎముక మీద పడుతుంది.

"నా ఇంప్లాంట్ విరిగిపోయిందా డాక్టర్ గారూ?" అని చాలామంది అడుగుతారు. లోహం విరగడం చాలా అరుదు. విరిగేది దాని చుట్టూ ఉన్న ఎముక.

[సుత్తి దెబ్బల శబ్దం. మొదట బోలుగా, తర్వాత గట్టిగా.]

ఈ శబ్దం విన్నారా? సిమెంట్ లేకుండా బిగించే స్టెమ్‌ని సర్జన్ చిన్న సుత్తితో కొట్టి దింపుతారు. బాగా బిగుసుకున్నాక శబ్దం మారుతుంది, స్టెమ్ ఇంకా దిగనని మొరాయిస్తుంది. చేతి అనుభవం ఉన్న సర్జన్ ఆ మార్పు వినగానే ఆపేస్తారు. ఎముక బాగా పల్చబడి ఉంటే మాత్రం అంత జాగ్రత్తలోనూ సన్నని చీలిక రావచ్చు. అప్పటికప్పుడు కనిపిస్తే చుట్టూ వైరు బిగించి సరిచేస్తారు. కనిపించకపోతే, నడక మొదలుపెట్టిన కొన్ని వారాల్లో అది బయటపడుతుంది. వయసు మళ్లి, ఎముకలు గుల్లబారిన వాళ్లకి చాలామంది సర్జన్లు ఎముక సిమెంట్ వాడటానికే మొగ్గు చూపేది ఇందుకే.

ఏళ్లు గడిచాక విరగడం వేరే కథ. ఎక్కువ సార్లు కారణం చిన్నదే: బాత్‌రూమ్‌లో జారడం, చీకట్లో గడప తట్టుకోవడం. కానీ అంత చిన్న దెబ్బకే ఎముక ఎందుకు లొంగిపోయింది?

ఒక్కోసారి ఎముక లోపల్నుంచి ఖాళీ అయిపోయి ఉంటుంది. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ గిన్నెకి పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ వాడటం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆయనే వాడిన టెఫ్లాన్ గిన్నెలు ఇట్టే అరిగిపోయాయి. పాలిథిలీన్ అంత తొందరగా అరగదు, అలాగని అరక్కుండానూ ఉండదు. అలా అరిగి రాలే సన్నని పొడిని శరీరంలోని శుభ్రం చేసే కణాలు మింగుతాయి, అరిగించుకోలేవు. ఆ చిరాకులో అవి పంపే సంకేతాలకి, ఎముకను కరిగించే కణాలు పనిలోకి దిగుతాయి. తొడ ఎముకలో గుంతలు పడతాయి, స్టెమ్ వదులవుతుంది. నొప్పి లేకుండా కూడా ఇది సాగుతుంది, అదే దీనితో తంటా. 1990ల చివర్నుంచి వస్తున్న కొత్తరకం పాలిథిలీన్ చాలా తక్కువ అరుగుతుంది కాబట్టి ఈ బెడద బాగా తగ్గింది.

[మనిషి బొమ్మ: గజ్జ, తొడ, తుంటి పక్క, పిరుదు ఒక్కొక్కటీ వెలుగుతాయి.]

ఇక నొప్పి సంగతి. ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని వారాల నొప్పి మామూలే, రోజురోజుకీ తగ్గుతూ రావాలి. సిమెంట్ లేని స్టెమ్ ఉన్నవాళ్లలో కొందరికి తొడలో సన్నని నొప్పి ఏడాది దాకా ఉండొచ్చు. నా దృష్టిలో నొప్పి ఎంత ఉందన్న దానికన్నా, ఎటు పోతోందన్నది ముఖ్యం. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగితే అడగాలి. ఏళ్ల తరబడి హాయిగా నడిచిన కాలు కొత్తగా నొప్పెడితే తప్పకుండా అడగాలి.

ఒక మాట చాలామంది నోట వస్తుంది: "కుర్చీలోంచి లేవగానే నాలుగు అడుగులు పట్టేస్తుందండీ, తర్వాత ఏమీ ఉండదు." వినడానికి చిన్నగా ఉంటుంది గానీ, డాక్టర్ చెవులు రిక్కించే మాట ఇదే. వదులైన స్టెమ్ బరువు పడగానే కాస్త కదిలి, మళ్లీ కుదురుకుంటుంది. ఆ కదలికే ఆ నాలుగు అడుగుల నొప్పి.

నొప్పి గజ్జలో అయితే గిన్నెని, దాని ముందు రాసుకునే కండరాన్ని చూస్తారు. అన్నాళ్లూ మంచాన ఉన్న మనిషి ఒక్కసారి నడక పెంచితే, గజ్జ దగ్గరి కటి ఎముకలో అలసట చీలిక కూడా రావచ్చు. తుంటి పక్కన అయితే తరచూ అక్కడి తిత్తి వాపు. పిరుదులో మొదలై మోకాలు దాటి దిగితే, వెన్నుపూసని అనుమానించాలి. కూర్చున్నా, పడుకున్నా వదలని నొప్పి, జ్వరం, కుట్ల దగ్గర చెమ్మ ఉంటే ముందు ఇన్ఫెక్షన్ సంగతి తేల్చాలి. రక్తపరీక్షలు చేస్తారు, అవసరమైతే కీలులోంచి నీరు తీసి చూస్తారు.

ఎముకలు గట్టిపడే మాత్రలు చాలా ఏళ్లుగా వేసుకుంటున్న వాళ్లకి ఇంకో మాట. అరుదుగా, కొన్ని రకాల మందులతో తొడ ఎముక పక్క భాగంలో నెమ్మదిగా చీలిక వస్తుంది. పూర్తిగా విరిగే ముందు వారాల తరబడి తొడ నొప్పెడుతుంది. మాత్ర సొంతంగా ఆపొద్దు, ఆ నొప్పి డాక్టర్‌కి చెప్పండి.

[రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన.]

విరిగిందని తేలితే డాక్టర్ మొదట చూసేది స్టెమ్ ఇంకా బిగుతుగా ఉందా అని. బిగుతుగా ఉంటే ప్లేటు, వైర్లతో ఎముకను అతికించవచ్చు. వదులైతే ఎంత గట్టి ప్లేటు వేసినా లాభం లేదు, పాతది తీసి పొడవాటి స్టెమ్ వేయాలి. స్టెమ్ చుట్టూ ఎముక విరగడాన్ని రకాలుగా విడదీసే వాంకూవర్ వర్గీకరణ 1995లో వచ్చింది, దాన్ని ఈ తేడా చుట్టూనే అల్లారు. ఒక్క ఎక్స్‌రే చూసి స్టెమ్ వదులైందో లేదో చెప్పడం కష్టం. పాతదాని పక్కన పెడితే, రెండు మిల్లీమీటర్లు కిందికి దిగినా అనుమానం వస్తుంది. ఇంకా తేలకపోతే సీటీ స్కాన్ తీస్తారు.

పడిపోయాక కాలు పొట్టిగా కనిపించినా, పాదం బయటికి తిరిగిపోయినా, బరువు పెట్టలేకపోయినా, లేపి నిలబెట్టే ప్రయత్నం చేయొద్దు. ఉన్నచోటే ఉంచి అంబులెన్స్ పిలవండి. ఆపరేషన్ కావలసి రావచ్చు కాబట్టి, డాక్టర్ చూసేదాకా తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వొద్దు.

[ఫైలు తెరుచుకుంటుంది. లోపలి పేజీ మీద వరసగా చిన్న స్టిక్కర్లు.]

వెళ్లేటప్పుడు ఈ ఫైలు తీసుకెళ్లండి. ఆపరేషన్ రికార్డులో ఇలాంటి స్టిక్కర్లు అతికిస్తారు: స్టెమ్, బంతి, గిన్నె, ఒక్కోదాని కంపెనీ, సైజు, నంబరు. మళ్లీ తెరిచే సర్జన్‌కి బంతి ఒక్కటే మార్చాల్సి వచ్చినా, పాత స్టెమ్ మెడకి ఏది సరిపోతుందో ఈ కాగితమే చెబుతుంది. మీ ఫైల్లో ఆ పేజీ లేకపోతే, ఆపరేషన్ చేసిన ఆసుపత్రిని అడిగి ఒక కాపీ తెచ్చుకుని, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.