ఆమె తనకు తానే గీసుకున్న గిరి

అందరికీ నమస్కారం.

మంత్రతంత్రాల బొమ్మ అనగానే మన కళ్లు దెయ్యం కోసం వెతుకుతాయి. ఈరోజు మాత్రం మనుషుల ముఖాలు చూడండి.

స్పెయిన్ చిత్రకారుడు గోయా 1798లో ఓసునా ప్రభు దంపతుల కోసం ఆరు మంత్రగత్తెల బొమ్మలు వేశాడు. ఒకదాంట్లో సైతాను మేకపోతు రూపంలో కూర్చుంటాడు. కొమ్ములకు ఆకుల దండ, ఎదురుగా పసిబిడ్డలను తెచ్చిన ఆడవాళ్లు. ఇరవై ఏళ్లు దాటాక, పూర్తిగా చెవుడు వచ్చిన ముసలితనంలో, మాడ్రిడ్ శివారులోని తన ఇంటి గోడ మీదే ఈ విషయాన్ని మళ్లీ వేశాడు. ఎవరూ అడిగి వేయించుకున్నది కాదు. నాలుగు మీటర్లకు పైగా పొడవు. గోడ నుంచి గుడ్డ మీదికి మార్చిన ఆ బొమ్మ ఇప్పుడు ప్రాడో మ్యూజియంలో ఉంది. ఇందులో మేకపోతు ఒట్టి నల్లని ఆకారం. వెలుగు పడేది వింటున్న గుంపు మీద. గుడ్లు మిటకరించి, నోళ్లు తెరిచి, ఒకరి మీద ఒకరు పడుతున్నారు. నాకు మేకపోతు కంటే ఆ గుంపును చూస్తేనే భయం. మంత్రగత్తెలని మనుషులను విచారించిన మతన్యాయస్థానం స్పెయిన్‌లో పూర్తిగా రద్దయింది 1834లో మరి!

ఇక 1886కు, లండన్‌కు వద్దాం. చిత్రకారుడు జాన్ విలియం వాటర్‌హౌస్ వేసిన ‘మ్యాజిక్ సర్కిల్’, అంటే మంత్రపు గిరి. దాదాపు ఆరడుగుల ఎత్తు, ఇప్పుడు బ్రిటన్‌లోని టేట్ మ్యూజియం సంగ్రహంలో ఉంది. ఒక స్త్రీ ఒంటరిగా, చెప్పుల్లేని కాళ్లతో నిలబడి, కర్రతో తన చుట్టూ నేల మీద గిరి గీస్తోంది. ఎడమ చేతిలో కొడవలి, మెడ చుట్టూ పాము. ముక్కాలిపీట మీది పాత్ర నుంచి పొగ నిటారుగా లేస్తోంది. కాకులు, కప్ప, బీడు నేల అన్నీ గిరి బయటే. పువ్వులు లోపల. ఆమె ముఖంలో పగ కనిపించదు, పిచ్చి కనిపించదు. పని మీద దృష్టి, అంతే. ముగ్గు వేసేటప్పుడు మా అమ్మ ముఖం అలాగే ఉండేది.

గిరి అంటే మనకు లక్ష్మణుడు గీసింది గుర్తొస్తుంది. అది సీత కోసం ఇంకొకరు గీసిన గీత. ఇక్కడ ఎంతవరకు రావాలో కాకులకు చెబుతున్నది ఆమే. ఈ బొమ్మ ముందు నేను ఎక్కువసేపు ఆగేది అందుకే. కర్ర కొస ఇంకా నేల మీదే ఉంది చూడండి.