మందు ఏ దారిన ఇవ్వాలో పేషెంట్‌ని అడుగుతున్నామా?

అందరికీ నమస్కారం. నర్సులు, డాక్టర్లు, ఫార్మసీ వాళ్ళు, పేషెంట్ల తరఫు వాళ్ళు అందరూ ఉన్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. ఏ మందు, ఎంత డోసు అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకుంటాం. అది ఒంట్లోకి ఏ దారిన వెళ్ళాలన్నది మాత్రం చాలాసార్లు అలవాటు కొద్దీ, మొహమాటం కొద్దీ తేలిపోతుంది, పేషెంట్‌ని అడిగేది చాలా తక్కువ.

ఇంజెక్షన్ సంగతే చూడండి. "ఒక సూది వేసేయండి, తొందరగా తగ్గిపోతుంది" అని పేషెంట్లే అడుగుతారని అంటుంటాం. అడిగేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ సెలైన్ బాటిల్ వేలాడుతుంటేనే అసలైన ట్రీట్‌మెంట్ జరుగుతోందన్న నమ్మకం మనలోనూ ఉంది. మెట్రోనిడజోల్, లినెజోలిడ్ లాంటి యాంటీబయాటిక్‌లు నోటి ద్వారా ఇచ్చినా దాదాపు మొత్తం రక్తంలోకి చేరతాయి. ఎముకలు, కీళ్ళ ఇన్ఫెక్షన్లకైతే వారాల తరబడి ఐవీ, అంటే నరంలోకి మందు ఎక్కించడం, తప్పదనే అందరూ అనుకునేవాళ్ళు. బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా పేషెంట్లతో చేసిన ఓవివా ట్రయల్‌లో మొదటి ఆరు వారాలు కొందరికి ఐవీ, కొందరికి నోటి మందులు ఇచ్చి ఏడాది తర్వాత చూశారు. వైద్యం ఫలించనివాళ్ళు ఐవీ వైపు 14.6 శాతం, నోటి మందుల వైపు 13.2 శాతం. 2019లో ఈ ఫలితాలు వచ్చాయి. వాంతులు ఆగనివాళ్ళకి, స్పృహలో లేనివాళ్ళకి, బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవాళ్ళకి ఐవీ కావాల్సిందే. మిగతావాళ్ళ చేతికి ఆ గొట్టం ఇంకా ఎందుకుందని రౌండ్స్‌లో ఎవరో ఒకరు అడగాలి కదా?

ఇన్‌హేలర్ దగ్గర దీనికి పూర్తిగా రివర్స్. "అలవాటైపోతుందేమో, టాబ్లెట్ ఇవ్వండి" అంటారు. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ టాబ్లెట్ 4 మిల్లీగ్రాములైతే ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములే, అంటే ఒక్క బిళ్ళలో 40 పఫ్‌ల మందు ఉంది, పైగా అది ఒళ్ళంతా తిరిగి చేతులు వణికించి గుండె దడ తెప్పిస్తుంది. ఈ లెక్క విడమరిచి చెబితే చాలామంది వింటారు. మనం చెప్పం. పఫ్ ఎలా పీల్చాలో చేసి చూపించడం మనలోనే చాలామందికి సరిగ్గా రాదు, ఇది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, నేర్చుకోవాల్సిన పని అని చెబుతున్నాను.

మలద్వారం ద్వారా ఇచ్చే మందుల గురించి మాట్లాడాలంటే పేషెంట్ కంటే ముందు మనకే సిగ్గు. వాంతులతో ఏదీ నిలవనివాళ్ళకి సపోజిటరీ, అంటే మలద్వారంలో పెట్టే మందు, ఎంతో మేలు, అయినా ఆ మాటే ఎత్తకుండా నరం వెతుకుతాం. ఫిట్స్ వచ్చే పిల్లలకి డయాజెపామ్ అలా ఇవ్వడం తల్లిదండ్రులకి నేర్పిస్తాం, మంచిదే, కానీ ఆ పిల్లవాడికి పద్నాలుగేళ్ళు వచ్చాక క్లాసులో అందరి ముందూ బట్టలు తీయాల్సి వస్తుందేమోనన్న టెన్షన్ వాడిది. ఫిట్స్ ఆపే మిడజోలామ్ అనే మందుని బుగ్గ లోపల, ముక్కులో ఇచ్చే వీలుందని ఆ కుటుంబానికి ఎవరైనా చెప్పారా?

మానసిక వైద్యంలో నెలకోసారి వేసే ఇంజెక్షన్‌ని శిక్షలా చూస్తారేమోనని మనమే ముందు వెనకాడతాం. రోజూ ఇంట్లో "మాత్ర వేసుకున్నావా?" అన్న గొడవ తప్పుతుందని దాన్నే కోరుకునేవాళ్ళున్నారు. ఎప్పుడో బలవంతంగా పట్టుకుని వేయించుకున్న అనుభవం ఉన్నవాళ్ళకి అదే సూది భయం. ఇద్దరికీ రాసిన మందు ఒకటే కావచ్చు, అడగకపోతే ఎవరు ఎవరో తెలియదు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మింగలేకపోతున్నానని చాలామంది పెద్దవాళ్ళు నోరు తెరిచి చెప్పరు, మాత్రని దిండు కింద పెట్టేస్తారు, లేదా మనమే నలిపి ఇచ్చేస్తాం. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రని నలిపితే రోజంతా అందాల్సిన డోసు ఒక్కసారిగా లోపలికి పోతుంది. కాబట్టి మందుల చీటీ రాసేటప్పుడే "బిళ్ళ మింగగలరా, సిరప్ కావాలా?" అని అడగండి, జవాబు కేస్ షీట్‌లో రాయండి, రాత్రి డ్యూటీ వాళ్ళకి కూడా తెలుస్తుంది. ఇక మీ వార్డుల్లో ఎలా జరుగుతోందో మీరు చెప్పండి, వింటాను.