సగటుకి బడ్జెట్ వేస్తే మిగిలేది అప్పే: సంపు లెక్క

నమస్తే అండీ. ఈ వీడియో కాస్త చిరాకుతోనే చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా. ఆదాయం తగ్గి, ఆ తగ్గినది కూడా ఒక నెల ఎక్కువ ఒక నెల తక్కువ వస్తున్నవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: "ఆరు నెలల ఆదాయం కూడండి, ఆరుతో భాగించండి, ఆ సగటుకి బడ్జెట్ వేసుకోండి." వినడానికి ఎంత బుద్ధిగా ఉందో! అలాగే చేసినవాళ్లు "లెక్క ప్రకారమే ఖర్చుపెట్టాం కదండీ, మరి కార్డు మీద ఇంత అప్పు ఎలా అయింది" అని అడుగుతూనే ఉంటారు. వాళ్లు తప్పేం చేయలేదు, ఆ సలహాలోనే తప్పుంది.

ఇక 50-30-20, అంటే సగం అవసరాలకి, 30 శాతం సరదాలకి, 20 శాతం పొదుపుకి అని కామెంట్ పెట్టబోయేవాళ్లు కాస్త ఆగండి. అది ఒకటో తారీఖున జీతం పడేవాళ్ల లెక్క. నెలకి 23,000తో ఇల్లు గడపాల్సినవాళ్లు అందులో 30 శాతం సరదాలకట!

ఒక ఇల్లు అనుకుందాం. హయత్‌నగర్ వైపు ఒక పోర్షన్‌లో అద్దెకి ఉంటారు. ఆయన స్టూడియోలో జీతానికి చేసిన ఫొటోగ్రాఫర్, ఆవిడ ఇంట్లో బ్లౌజులు కుడతారు. ఇంతకుముందు ఇద్దరిదీ కలిపి 45,000 దాకా ఖాయంగా వచ్చేది. స్టూడియో మూతపడింది, ఆయన సొంతంగా పెళ్లిళ్లు ఒప్పుకుంటున్నారు. ఆరు నెలల్లో ఇంటికి వచ్చింది ఇదీ.

(స్క్రీన్ మీద: 18,000 – 41,000 – 26,000 – 52,000 – 15,000 – 34,000)

కూడితే 1,86,000. సగటు 31,000. సరే, సలహా ప్రకారం నెలకి 31,000 ఖర్చుపెట్టారు. మొదటి నెలే 13,000 అప్పు. రెండో నెల పదివేలు మిగిలింది, అప్పు 3,000కి దిగింది. మూడో నెలాఖరుకి మళ్లీ 8,000. నాలుగో నెల బాగా వచ్చింది, అప్పు తీరి 13,000 చేతిలో ఉంది, ఇంట్లో అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఐదో నెల 15,000 వచ్చింది, మళ్లీ 3,000 అప్పు. ఆరో నెలకి సరిగ్గా సున్నా. కాగితం మీద అంతా సరిపోయింది, కానీ ఆరు నెలల్లో నాలుగు నెలల ఆఖరు వాళ్లు అప్పులోనే చూశారు. పైగా వడ్డీ నేను కలపలేదు.

ఆ వడ్డీ సంగతి కూడా చూడండి. ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీ అంటే "అమ్మో, రక్తం పీల్చేస్తున్నాడు" అంటాం. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు తీసుకునేది అటూ ఇటూగా అంతే, నెలకి మూడున్నర శాతం, కొన్నిట్లో ఇంకాస్త ఎక్కువ, ఏడాదికి నలభై శాతం దాటిపోతుంది. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే కొంత మొత్తం, అదొక్కటే కట్టి ఊరుకుంటే పాత బాకీతో ఆగదు, కొత్తగా గీకిన పాల ప్యాకెట్ మీద కూడా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏసీ షోరూంలో ఇచ్చారని అది వేరే రకం అప్పు అయిపోదు.

ఇప్పుడు సంపు సంగతి. హైదరాబాద్‌లో చాలా కాలనీలకి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ ఓ గంటో గంటన్నరో. కానీ మీ వంటింట్లో పంపు తిప్పితే ఏ పూటైనా నీళ్లొస్తాయి. ఎలా? నల్లా లైను నేరుగా వంటింటికి పెట్టుకోలేదు కాబట్టి. నీళ్లు ముందు సంపులో, అంటే నేల కింద కట్టిన తొట్టిలో పడతాయి, మోటారు వేస్తే పైన ట్యాంకులోకి ఎక్కుతాయి, ట్యాంకు నుంచి పంపుకి. నీళ్ల విషయంలో ఇంత తెలివిగా ఉండే మనం, డబ్బు విషయంలో మాత్రం నల్లా లైనుని తిన్నగా వంటింటి పంపుకి తగిలించేస్తాం. పెళ్లివాళ్లు పంపిన డబ్బు ఏ ఖాతాలో పడుతుందో, కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసినప్పుడు అదే ఖాతాలోంచి పోతుంది. నీళ్లొచ్చిన రోజు వరద, రాని రోజు ఖాళీ బిందె.

అందుకని రెండు ఖాతాలు. వచ్చే ప్రతి రూపాయీ సంపు ఖాతాలో పడాలి. దానికి యూపీఐ లింక్ చేయొద్దు, ఏటీఎం కార్డు ఉంటే బీరువాలో పెట్టేయండి. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా అయినా చాలు, అందులో 500 ఉంచితే సరిపోతుంది. రెండోది ట్యాంకు ఖాతా. ఫోన్‌పే, గూగుల్‌పే అన్నీ దీనికే. నెలకి ఒక్కసారి, ఒకటో తారీఖున, మోటారు వేయాలి, అంటే సంపు నుంచి ట్యాంకుకి ఒకే మొత్తం పంపాలి. మీ ఇంటికి మీరే జీతం ఇచ్చుకుంటున్నారన్నమాట.

ఎంత జీతం? ఇక్కడే అసలు పని. ఆరు నెలల్లో బాగా వచ్చిన రెండు నెలల్ని కొట్టేయండి, మిగతా నాలుగింటికి సగటు తీయండి. మన ఇంట్లో 52,000, 41,000 తీసేస్తే మిగిలింది 93,000, నాలుగుతో భాగిస్తే 23,250. సరే, 23,000. "31,000 వస్తుంటే 23,000తో ఎందుకు బతకాలి" అంటారు. మళ్లీ అవే ఆరు నెలలు చూడండి. మొదటి నెల 5,000 తక్కువ పడుతుంది, నిజమే, దాని సంగతి తర్వాత చెప్తాను. రెండో నెలకి సంపులో 13,000. మూడుకి 16,000. నాలుగుకి 45,000. ఐదో నెల 15,000 వచ్చినా ఇంట్లో ఎవరికీ తెలియదు, సంపులో ఇంకా 37,000 ఉంది. ఆరో నెలాఖరుకి 48,000, అంటే రెండు నెలల ఇంటి ఖర్చు.

అవే నెలలు, అదే ఆదాయం.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది, ముఖ్యంగా సొంత పని చేసుకునేవాళ్లకి. పెళ్లివాళ్లతో 60,000కి మాట్లాడుకున్నారు, 20,000 అడ్వాన్స్ వచ్చింది, ఆ 20,000ని ఆదాయంలో రాసేశారు. అది ఆదాయం ఎలా అవుతుందండీ? ఆల్బమ్ ప్రింటింగ్ ఉంది, డ్రోన్ అబ్బాయికి ఇవ్వాలి, రెండో వీడియోగ్రాఫర్ ఉన్నాడు, లైట్లు పట్టుకున్న కుర్రాడి బత్తా, పెట్రోలు, ఎడిటింగ్. చివరికి చేతిలో మిగిలేది పాతికవేలో ఇంకా తక్కువో. ఆల్బమ్ ఇచ్చేదాకా ఆ చివరి పదివేలు కూడా రావు, పెళ్లికొడుకు తండ్రి అప్పటికి ఫోన్ ఎత్తడం మానేస్తాడు, అది వేరే కథ. కుట్టుపనిలోనూ అంతే, లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు, ఫాల్ అన్నీ పోయాక మిగిలిందే ఇంటిది. ఆరు నెలల లెక్క వేసేటప్పుడు ఈ మిగిలిన అంకెలే రాయాలి. బురద నీళ్లని కూడా కొలతలో కలిపేసి సంపు నిండిందనుకుంటే ఎలా?

నాకు చాలా ఇష్టమైన విషయం ఇప్పుడు చెప్తాను. "మారే ఆదాయం" అనగానే అదేదో లాటరీలాగా మాట్లాడతాం. కానీ చాలామందికి ఎండిపోయే నెలలు ముందే రాసిపెట్టి ఉంటాయి. ఫొటోగ్రాఫర్, వంటమాస్టర్, సన్నాయి మేళం, టెంట్ హౌస్, పూలవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, పురోహితులు, వీళ్లందరి జీతం స్లిప్పు పంచాంగంలోనే ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం అంటే ఎలాగూ తెలుసు. మూఢం సంగతి చాలామంది ఇంటి బడ్జెట్‌లోకి తీసుకురారు. 2024 గుర్తుందా? మామూలుగా మే అంటే పెళ్లిళ్ల గోల. ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో మూఢం వచ్చింది, మే లేదు, జూన్ లేదు, జులైలో మూఢం వదిలేసరికి ఆషాఢం పట్టుకుంది. మళ్లీ శ్రావణం దాకా ముహూర్తం లేదు. మూడు నెలలు! అదే జూన్‌లో స్కూల్ ఫీజులు. నీళ్ల బోర్డువాళ్లు ఫలానా రోజుల్లో సరఫరా ఉండదని ముందే చెప్పినా సంపు నింపుకోకుండా కూర్చున్నట్టు ఉంటుంది మన వ్యవహారం. ఉగాదికి పంచాంగంలో కందాయ ఫలాలు, ఆదాయ వ్యయాలు చూసుకుని మురిసిపోతాం కదా, ఆ పక్క పేజీల్లోనే ముహూర్తాలుంటాయి, అవి చూసి క్యాలెండర్ మీద ఎర్రపెన్నుతో ఎండు నెలలు గుర్తుపెట్టుకోండి. మీకు ఆదాయం 2, వ్యయం 11 అని రాసి ఉన్నా కంగారు పడక్కర్లేదు, ఈ ఎర్ర గుర్తులే నిజమైన ఆదాయ వ్యయాలు.

మీ పని వేరే అయితే మీ పంచాంగం వేరే. ట్యూషన్లు చెప్పేవాళ్లకి ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా, కట్టడం పనులవాళ్లకి వానాకాలం.

ఇప్పుడు ఆ 23,000 ఎలా సర్దాలి. అద్దె 8,500. బియ్యం, సరుకులు, పాలు, కూరలు 8,000. గ్యాస్, కరెంటు, ఫోన్లు 2,000. ఆటో, మందులు, చిల్లర 1,500. చిట్టీ 3,000. అయిపోయింది. ఇందులో స్కూల్ ఫీజు ఏదీ, ఆరోగ్య బీమా ఏదీ, పండగ ఏదీ అంటారా? అవి ట్యాంకు నుంచి పోవు, సంపు నుంచే పోతాయి. ఏడాదికోసారి వచ్చే ఖర్చులన్నీ ఒక కాగితం మీద నెల పేరుతో రాసుకోండి: జూన్ ఫీజు, ఆవకాయ కోసం నూనె, కారం, ఏడాదికి సరిపడా చింతపండు, బండి ఇన్సూరెన్స్, దసరా, సంక్రాంతి. ఇందాక సంపులో 48,000 అన్నాను కదా, అది చూసి ఫ్రిజ్ మార్చకండి, అందులో సగం ఇప్పటికే జూన్ పేరు మీద ఉంది.

45,000 నుంచి 23,000కి దిగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇక్కడ "టీ మానేయండి, బయట తినకండి" అనే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. రోజుకి రెండు టీలు మానేస్తే నెలకి వెయ్యి కూడా మిగలదు, మనిషికి మాత్రం చిరాకు మిగులుతుంది. తగ్గించాల్సింది సంతకం పెట్టిన ఖర్చుల్ని: అద్దె, ఈఎంఐ, చిట్టీ, ఫీజు. ఇవి 45,000 రోజుల్లో బిగించిన పైపులు, ట్యాంకు చిన్నదైనా అదే వేగంతో లాగేస్తుంటాయి. ఒక్కసారి కూర్చుని నాలుగు ఫోన్లు చేస్తే ప్రతి నెలా మిగులుతుంది, టీ అయితే రోజూ మానాలి.

కరెంటు ఒక్కటి మాత్రం చిన్నదైనా చూడండి, ఎందుకంటే అక్కడ మెట్టు ఉంది. తెలంగాణలో 2022 నుంచి ఉన్న ధరల్లో 200 యూనిట్లు కాల్చిన ఇంటికి ఎనర్జీ చార్జీ 820. 201 కాలిస్తే? మొదటి 200 యూనిట్ల రేటే మారిపోయి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కి రెండొందలు పైన! గృహజ్యోతి ఉన్న ఇల్లయితే ఇంకా ఘోరం, 200 దాకా సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. కాబట్టి రీడింగ్ తీసే రోజు ఎప్పుడో తెలుసుకుని, నెల మధ్యలో ఒకసారి మీటర్ చూసుకోండి.

అయ్యో, టైమ్ చాలా అయిపోయింది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మొదటి నెల 5,000 తక్కువ పడింది కదా. వీలైతే ఈ పద్ధతి మంచి నెలలో మొదలుపెట్టండి, శ్రావణంలోనో మాఘంలోనో. ఆగే వీలు లేదంటే కార్డు గీకే బదులు బ్యాంకులో కొంచెం బంగారం పెట్టండి, కార్డు వడ్డీలో పావు వంతు దగ్గర్లో పోతుంది, మొదటి మంచి నెలలో విడిపించేయాలి. కార్డు అంటే వేసవిలో పిలిచే ట్యాంకర్ లాంటిది, మనకి గతిలేని రోజునే దాని రేటు ఆకాశంలో ఉంటుంది.

చిట్టీ. పాడుకోని చిట్టీ అయితే, వాయిదా భారంగా ఉంటే, మీ స్థానంలో ఇంకొకరిని పెట్టే వీలుందేమో చిట్టీ నడిపే ఫోర్‌మన్‌ని ఇప్పుడే అడగండి, రెండు వాయిదాలు ఎగ్గొట్టాక మాట్లాడేకంటే నయం. పాడుకున్న చిట్టీ అయితే అది అప్పే, ఈఎంఐలాగే చూడండి. రిజిస్టర్ కాని చిట్టీలు మాత్రం వద్దు, ఎంత దగ్గరి చుట్టాలు నడిపినా సరే.

ఈఎంఐ బౌన్స్ అయ్యేదాకా ఆగొద్దు, ముందే బ్యాంకుకి వెళ్లి కాలం పెంచమని అడగండి, వడ్డీ మొత్తం పెరుగుతుంది, అయినా నెల గడవాలి కదా. బీమా ఆపొద్దు. ఎల్ఐసీ ప్రీమియం నెలవారీ అయితే 15 రోజులు, మిగతా పద్ధతుల్లో 30 రోజులు గ్రేస్ ఉంటుంది, అది ఎండు నెలలో వాడుకోవచ్చు. సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు, రెన్యువల్ నోటీసులో పాత లెక్కే వేశారేమో చూసుకోండి. బస్సు పాస్ డబ్బులు ఇంకా బడ్జెట్‌లో రాస్తున్న ఆడవాళ్లు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు నుంచి ఆ గీత కొట్టేయొచ్చు, ఉచిత ప్రయాణం ఉన్న బస్సులు మీ రూట్‌లో నడుస్తుంటే.

జీతం ఎప్పుడు పెంచుకోవాలి? సంపులో మూడు నెలల ఖర్చు, దానిపైన ఏడాది ఖర్చుల డబ్బు ఉంటేనే, అదీ నెలకి వెయ్యి చొప్పున. ఆరు నెలలకోసారి మళ్లీ లెక్క వేయండి, పెద్ద నెలలు రెండూ కొట్టేసే. ఒక్క మంచి సీజన్ చూసి పెంచకండి.

ఇంకో మాట, సంపులో ఎంతుందో చుట్టాలకి చెప్పకండి. నీళ్లయితే బిందెతో ఆగుతారు. మీ ఆరు నెలల అంకెలు కింద రాయండి, పేర్లూ ఊళ్లూ వద్దు, పని ఏంటో రాస్తే చాలు, వచ్చే వీడియోలో రెండు మూడు ఇళ్లకి జీతం లెక్క వేసి చూపిస్తాను. ఆటో నడిపేవాళ్లు పెట్రోలు, గ్యాస్, రిపేర్లు తీసేసి మరీ రాయండి.