ఓడినవాడు తీసిన యుద్ధం

మిత్రులకు నమస్కారం. ఇంకాసేపట్లో మనం చూడబోయేది 1992లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా 'దియెన్ బియెన్ ఫూ'. యుద్ధ సినిమా అంటే చివరికి జెండా ఎగరాలని మనకో అలవాటు. ఇందులో ఆ ఆశ పెట్టుకోకండి. అది వియత్నాంలో ఫ్రెంచ్ సైన్యం ఓడిపోయిన ఒక లోయ పేరు. దర్శకుడు పియర్ షోన్‌డర్ఫర్ 1954లో అదే లోయలో ఫ్రెంచ్ సైన్యానికి కెమెరామన్. పారాచూట్‌తో దిగాడు, ఖైదీగా నడిచి వెళ్లాడు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత మళ్లీ వియత్నాం వెళ్లి, తనను ఓడించిన సైన్యం సాయంతోనే ఈ సినిమా తీశాడు.

కథ తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. 1953 నవంబరులో ఫ్రెంచ్ వాళ్లు లావోస్ సరిహద్దు దగ్గరి ఈ లోయలో దిగి కోట కట్టుకున్నారు. ఫ్రెంచ్ పాలన మీద పోరాడుతున్న వియత్నాం వాళ్ల వియత్ మిన్ దళాలు మీదకొస్తే ఫిరంగులతో తుడిచిపెట్టేయాలని ప్లాన్. చుట్టూ కొండలు వదిలేసి అడుగున కూర్చోవడం ఏం తెలివో! అంత ఎత్తుకు పెద్ద ఫిరంగులు రాలేవని ధీమా. వియత్ మిన్ సేనాధిపతి జనరల్ జాప్ మనుషులు వాటికి తాళ్లు కట్టి చేతులతో లాగారు. సరుకు సైకిళ్ల మీద వచ్చింది. హ్యాండిల్‌కు ఒక వెదురు కర్ర, సీటు దగ్గర నిలువుగా ఇంకోటి కట్టి, 200 కిలోల పైన బరువేసి, పక్కన నడుస్తూ తోసుకొచ్చారు.

మార్చి 13 సాయంత్రం ఫిరంగి గుండ్ల వాన మొదలైంది. 'బియాట్రిస్' అనే స్థావరం ఆ రాత్రే పడిపోయింది. ఫ్రెంచ్ ఫిరంగి దళాధిపతి కల్నల్ పిరోత్‌కు ఒకటే చెయ్యి. శత్రువు ఫిరంగుల్ని క్షణాల్లో నోరు మూయిస్తానని ముందు మాటిచ్చినవాడు. రెండు రోజులకే తన గుంతలోకి వెళ్లి, గ్రెనేడ్ పిన్ను పళ్లతో లాగేసుకున్నాడు.

ఇటు లోయలో బురద, అటు హనోయ్‌లో సంగీత కచేరీ. సినిమా ఈ రెంటి మధ్య తిరుగుతుంది. జార్జ్ దెలర్యూ వయొలిన్ సంగీతం అద్భుతం. కానీ నాకో ఫిర్యాదుంది. కొండల మీది మనుషుల దగ్గరికి కెమెరా దాదాపుగా వెళ్లదు. ఆ సైకిళ్లు తోసినవాడి ముఖం మనకు తెలీదు. ఓడినవాడి దుఃఖం నిజమే, అయినా ఆ దేశం ఎవరిదన్న ప్రశ్న పక్కకు పోతుంది. కందకాల్లో ఉన్నవాళ్లను కూడా గమనించండి. లీజియన్ (ఫ్రాన్స్ నడిపే విదేశీయుల దళం) సైనికులు, మొరాకో వాళ్లు, అల్జీరియా వాళ్లు, ఆ కొండల్లోని థాయ్ తెగవాళ్లు. 'ఫ్రెంచ్' సైన్యంలో ఫ్రెంచ్ వాళ్లెంత మంది?

మే 7న కోట పడింది. మర్నాడే జెనీవాలో ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) చర్చలు. జూన్ 13న మన గోదావరి తీరంలోని యానాంలో ఫ్రెంచ్ పాలన ముగిసింది, దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో. నవంబరు 1న అల్జీరియాలో ఫ్రెంచ్ పాలన మీద తిరుగుబాటు.

లోయలో పట్టుబడినవాళ్లు సుమారు 10,000 మంది. నాలుగు నెలల తర్వాత బతికి బయటపడినవాళ్లు 3,000 పైచిలుకే. ఫ్రాన్స్ తరఫున పోరాడి దొరికిపోయిన వియత్నాం సైనికుల్లో చాలామంది ఏమయ్యారో లెక్క తేలలేదు.